చుక్కలు పోయాయి, జబ్బు పోయిందా?

ప్రశ్న: మా ఇంట్లో 250 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో ఒక బ్లూ టాంగ్, రెండు క్లౌన్‌ఫిష్‌లు, కొన్ని పగడాలు, ఒక రొయ్య ఉన్నాయి. ఈమధ్య టాంగ్ ఒంటి మీద, రెక్కల మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లని చుక్కలు కనిపించాయి. అది మాటిమాటికీ రాళ్లకు ఒళ్లు రాసుకునేది. తెలిసినవారి సలహా మీద నీటి ఉష్ణోగ్రతను 30 డిగ్రీలకు పెంచి, మేతలో వెల్లుల్లి రసం కలిపి పెట్టాను. కొన్నాళ్లకే చుక్కలన్నీ పోయాయి. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ వచ్చాయి, ఈసారి క్లౌన్‌ఫిష్‌ల మీద కూడా. తొట్టిలోనే మందు వేయవచ్చా?

జవాబు: పగడాలు, రొయ్య ఉన్న తొట్టిలో మందు వేయకండి. మీరు వర్ణించిన లక్షణాలన్నీ ‘మెరైన్ ఇక్’ అనే జబ్బువి. క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. చుక్కలు పోవడం మీ వైద్యం ఫలించినందువల్ల కాదు, అది ఆ జీవి బతుకుచక్రంలో ఒక దశ మాత్రమే. చర్మం పై పొర కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తిని బలిశాక అది చేపను వదిలి ఇసుకకో రాయికో అంటుకుని, చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తి లోపల విభజన చెంది రెండు వందల దాకా పిల్లలుగా మారుతుంది. అవి ఎక్కువగా చీకటివేళ బయటికి వచ్చి, ఇసుక దగ్గర కదలకుండా నిద్రపోతున్న చేపలను పట్టుకుంటాయి. అందుకే రెండో విడత చుక్కలు తరచు మొదటిదాని కంటే ఎక్కువగా ఉంటాయి.

వేడి పెంచడమనే చిట్కా మంచినీటి చేపల పెంపకం నుంచి వచ్చింది. అక్కడ తెల్లచుక్కలు తెచ్చేది వేరే జీవి, దానికి ఆ వేడి పడదు. ఉప్పునీటి జీవి మాత్రం 30 డిగ్రీల దగ్గర నిక్షేపంగా బతుకుతుంది. పైగా నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి, మొప్పల్లో పరాన్నజీవి చేరి ముందే ఊపిరాడని చేపకు అది మరింత కష్టం. ఉష్ణోగ్రతను నెమ్మదిగా 25, 26 డిగ్రీలకు దించండి. వెల్లుల్లి మేత మీద ఆకలి పుట్టిస్తే పుట్టించవచ్చు గానీ ఈ జబ్బుకు మందు కాదు.

చేయవలసిన పని ఒకటే, కాకపోతే శ్రమతో కూడినది. చుక్కలు కనిపించినా కనిపించకపోయినా చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి, అంటే ‘ఆసుపత్రి తొట్టి’లోకి మార్చి, అక్కడ రాగి మందు వేయాలి. అందులో ఇసుక, రాళ్లు ఉండకూడదు, ఎందుకంటే అవి రాగి మందును పీల్చేసుకుంటాయి. దాక్కోవడానికి రెండు మూడు పీవీసీ గొట్టం ముక్కలు, ఒక హీటర్, నీటి పైభాగం బాగా కదిలేలా గాలి పంపు, ఒక స్పాంజి ఫిల్టర్ చాలు. ఆ స్పాంజి పాత తొట్టి ఫిల్టర్‌లో నానినదైతే మేలు. కొత్త స్పాంజిలో, చేపల విసర్జనల నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా ఉండదు కాబట్టి, జబ్బుతో పోవలసిన చేప కాస్తా అమ్మోనియాతో పోతుంది. రోజూ అమ్మోనియా పరీక్షించి, కనిపించిన రోజున నీరు మార్చండి. రాగి మందు వేసిన నీటిలో అమ్మోనియాను విరిచే రసాయనాలు కలపవద్దు, కొన్ని రకాలు రాగిని మరింత విషతుల్యం చేస్తాయి.

అయానిక్ రాగి (నీటిలో విడిగా కరిగి ఉండే రకం) అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య నిలవాలి. తగ్గితే పరాన్నజీవి చావదు, బాగా పెరిగితే చేప చస్తుంది. కీలేటెడ్ రాగికి (వేరే పదార్థంతో బంధించిన రకం) మోతాదు ఇంతకంటే చాలా ఎక్కువ, దానికి సీసా మీద రాసినదే ప్రమాణం. టాంగ్ జాతికి రాగి అంతగా పడదు కాబట్టి పూర్తి మోతాదుకు రెండు మూడు రోజుల్లో మెల్లగా చేరండి. రాగి టెస్ట్ కిట్ లేకుండా ఈ వైద్యం మొదలుపెట్టడం కంటే మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. చుక్కలు పోయాయని మధ్యలో ఆపకుండా కనీసం మూడు వారాలు కొనసాగించండి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే అది మందును లాగేస్తుంది, ముందే తీసేయండి.

ఇక పాత తొట్టిని పగడాలతో, రొయ్యతో అలాగే నడపండి, కానీ చేప అన్నది ఉండకూడదు. తిత్తి నుంచి వెలువడిన పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. చాలా తిత్తులు నాలుగు వారాల లోపే పగులుతాయి. అయితే 72 రోజుల వరకు నిలిచినవీ నమోదయ్యాయి కాబట్టి అనుభవజ్ఞులు 76 రోజుల గడువు పెట్టుకుంటారు. ఈలోగా ఆసుపత్రి తొట్టిలో ముంచిన వలను, గొట్టాన్ని, తడి చేతిని పాత తొట్టిలో పెట్టకండి.

ఒక్క హెచ్చరిక. గది దీపాలు ఆర్పి, పక్కనుంచి టార్చి వేసి చేపను చూడండి. విడివిడి రవ్వలు కాకుండా సన్నని పసుపుపచ్చని ధూళి పరచినట్టు కనిపించి, మొప్పలు వేగంగా కొట్టుకుంటూ, చేప పంపు ధారకు ఎదురుగా నిలబడి మేత ముట్టకపోతే అది ‘వెల్వెట్’ అనే జబ్బు కావచ్చు. దానికీ రాగి పనిచేస్తుంది గానీ, అది రోజుల్లోనే చంపుతుంది. ఆలస్యం చేయకుండా ఆ పూటే చేపలను మార్చండి.

ప్రశ్న: మా ఏంజెల్‌ఫిష్ రెక్క అంచున కాలీఫ్లవర్ ముక్కలాంటి తెల్లని గడ్డ వచ్చింది. మేత బాగానే తింటోంది. దీనికీ రాగి మందేనా?

జవాబు: కాదు. ఇది చాలావరకు లింఫోసిస్టిస్ అయి ఉంటుంది. వైరస్ సోకి చర్మకణాలు ఉబ్బడం వల్ల ఏర్పడే గడ్డ ఇది. దీనికి మందు లేదు, సాధారణంగా మందు అక్కరా లేదు. గిల్లడం, కోయడం చేయకండి. తోటి చేపలు తరుముతున్నాయేమో గమనించి, నీటిని శుభ్రంగా ఉంచి, మేతలో వైవిధ్యం పెంచితే కొన్ని వారాల్లోనో నెలల్లోనో దానంతటదే రాలిపోతుంది. గడ్డ నోటి మీదికో మొప్పల మీదికో పాకి, చేప తినలేకపోతున్నప్పుడు మాత్రం జలచరాల వైద్యుణ్ణి సంప్రదించండి.