అడగండి, చెబుతాం: ఇక్తియోసార్ తోక ఎటు వంగాలి?

ప్రశ్న: పుస్తకాల్లో ఇక్తియోసార్ బొమ్మ అచ్చం డాల్ఫిన్‌లా ఉంటుంది. డాల్ఫిన్లు దాని సంతతేనా? మా అమ్మాయి సైన్స్ ఎగ్జిబిషన్‌కు రెండింటి మట్టి బొమ్మలూ చేస్తోంది. తేడా ఎలా చూపించాలి?

జవాబు: సంతతి కాదండీ. ఇక్తియోసార్లు సరీసృపాలు. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లో కనిపించి, 9 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి. డాల్ఫిన్ల పూర్వీకులు నేల విడిచి నీళ్లలోకి దిగింది సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట. నీటి సాంద్రత గాలికి దాదాపు 800 రెట్లు. అందులో వేగంగా పోవాలంటే కదురులాంటి ఒళ్లు, తెడ్లలాంటి కాళ్లు, తోకకు వాజం (చేప రెక్కలాంటిది) కావాలి. అవసరం ఒకటే కావడంతో వేర్వేరు వంశాలు ఒకే రూపానికి చేరాయి. దీన్నే అభిసారి పరిణామం అంటారు.

కానీ పుట్టుక ఎముకల్లో దాగదు, ముఖ్యంగా తోకలో. బల్లి నడిస్తే ఒళ్లు పక్కలకు ఊగుతుంది. కుక్క పరుగెత్తితే నడుము పైకీ కిందికీ వంగుతుంది. ఇక్తియోసార్ పూర్వీకులు బల్లిలా, క్షీరదాలైన డాల్ఫిన్ల పూర్వీకులు కుక్కలా కదిలినవే. అందుకే ఇక్తియోసార్ తోక వాజం నిలువుగా ఉండి పక్కలకు కొడుతుంది, డాల్ఫిన్‌ది అడ్డంగా ఉండి పైకీ కిందికీ కొడుతుంది.

ఇక బొమ్మ. పొడవు 45 సెం.మీ. అయితే ఒంటి మందం ఎక్కువున్న చోట 10 సెం.మీ. చాలు. వెన్నెముకగా తీగ పెట్టి, ఇక్తియోసార్‌కు చివరి 8 సెం.మీ. కిందికి వంచండి. ఆ వంపు తోక వాజపు కింది భాగంలోకి పోవాలి, పై భాగంలో ఎముక ఉండదు. సొరచేపను చూసి తీగను పైకి వంచడం ఎక్కువగా జరిగే పొరపాటు. తిన్నగా వదిలేసినా తప్పే. మొదట్లో పండితులు కూడా శిలాజాల్లో ఆ విరుపును చూసి, తోక చెదిరిందనుకున్నారు. ఎన్ని అస్థిపంజరాలు చూసినా విరుపు ఒకే చోట ఉందని గమనించి, అక్కడ వాజం ఉండేదని 1838లో ఊహించినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. జర్మనీలోని హోల్జ్‌మాడెన్ రాళ్లలో చర్మపు ఆనవాళ్లతో సహా దొరికిన శిలాజాలు 1890లలో ఆ ఊహను నిజం చేశాయి. వీపు వాజం కూడా వాటిలోనే స్పష్టంగా కనబడింది. దానికి ఎముక లేదు కాబట్టి తీగ వద్దు, అట్టముక్క చాలు.

ఇక్తియోసార్‌కు నాలుగు తెడ్లు పెట్టండి, ముందువి పెద్దవి. డాల్ఫిన్‌కు రెండే. డాల్ఫిన్ ముక్కురంధ్రం నడినెత్తిన ఒక్కటే. ఇక్తియోసార్‌కు రెండు వైపులా, కళ్లకు కొంచెం ముందు ఉంటాయి. కన్ను చిన్నదిగా చేయొద్దు. టెమ్నోడోంటోసారస్ అనే రకానికి కంటి వ్యాసమే సుమారు 25 సెం.మీ.!

ప్రశ్న: మిగతా సముద్ర సరీసృపాలకూ ఇలాంటి తోకేనా?

జవాబు: కొన్నిటికి. బల్లులు, పాముల వర్గానికి చెందిన మోసాసార్లకూ, మొసళ్ల దాయాదులైన మెట్రియోరింకిడ్లకూ వెన్నెముక చివర కిందికే వంగింది. జోర్డాన్‌లో దొరికిన ప్రోగ్నాథోడాన్ అనే మోసాసార్ శిలాజంలో తోక వాజపు అంచు కూడా కనిపిస్తుంది. దాన్ని 2013లో వివరించారు. ప్లీసియోసార్లది వేరే దారి. పొట్టి తోక, ఈతంతా నాలుగు తెడ్లతోనే.

ప్రశ్న: మన దగ్గర ఇలాంటివేమైనా దొరికాయా?

జవాబు: ఇక్తియోసార్ ఎముకలు తమిళనాడులో తిరుచిరాపల్లి ప్రాంతపు కరై రాళ్లలోనూ, గుజరాత్‌లోని కచ్‌లోనూ దొరికాయి. కచ్ అస్థిపంజరం సుమారు 5.5 మీటర్ల జీవిది, 2017లో వివరించారు. తెలంగాణలో, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మలేరి రాళ్లలో, నదీతీరాల్లో బతికిన పారాసూకస్ అనే సరీసృపం దొరికింది. పొడుగు మూతితో ఘరియల్ మొసలిలానే ఉంటుంది గానీ మొసలి కాదు, ఫైటోసార్ అనే వేరే సరీసృప వర్గానిది. పుర్రె చూస్తే ముక్కురంధ్రాలను వెతకండి. మొసలికి మూతి కొసన ఉంటాయి, ఫైటోసార్‌కు కళ్లకు దగ్గరగా, పైన.