చూడి గేదె డొక్క కింద ఉబ్బు: ఆపరేషన్ ఇప్పుడా, ఈనిన తర్వాతా?

కావలి దగ్గర మీ ఏడు నెలల చూడి గేదెను మరో గేదె పొడిచిన చోట, డొక్క కింద ఏర్పడిన ఉబ్బు నొక్కితే లోపలికి పోయి మళ్లీ వస్తున్నదని రాశారు కనుక, అది చీముగడ్డ కన్నా హెర్నియా (పొట్ట కండరం చిరిగి, ఆ రంధ్రం గుండా లోపలి భాగాలు చర్మం కిందికి జారడం) అయ్యే అవకాశమే ఎక్కువ. దానిని సూదితోనైనా పొడవనీయకండి. లోపల పేగు ఉండవచ్చు. ముందు స్కానింగ్ చేయించండి. మేత, నెమరు, పేడ సక్రమంగా ఉన్నంతవరకు ఈనే దాకా ఆగడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే దూడ బరువుకు కుట్లు తెగిపోవచ్చు; అయితే ఈనేటప్పుడు ముక్కే బలం తగ్గుతుంది గనుక డాక్టరు గారు దగ్గరుండాలి. ఆపరేషన్‌కు ముందు మేత ఆపుతారు, రంధ్రం పెద్దదైతే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారపు వల వేసి కుడతారు. ఉబ్బు గట్టిపడి, నొప్పి పుట్టి, పేడ ఆగిందంటే మాత్రం, చూడిదని వెనుకాడకుండా ఆ రోజే ఆపరేషన్ చేయించాలి. స్థానికంగా వీలు కాకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఉన్నది.