మైపాడు మబ్బులు ఆగడం లేదు

ప్రశ్న: మైపాడు బీచ్‌లో వాటర్ కలర్స్ వేస్తుంటాను. సముద్రం బాగానే వస్తుంది, మబ్బులు మాత్రం వేసేలోపే మారిపోయి టెన్షన్ పెడతాయి. ఫోటో చూసి వేయొచ్చా? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: వేయండమ్మా, తప్పేం లేదు, కాకపోతే ఫోటోలో మబ్బు చాలాసార్లు ఉత్త తెల్ల మచ్చలా పడుతుంది, అందులోని బూడిదరంగు ఛాయలు కంటికే దొరుకుతాయి. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 22లలో హాంప్‌స్టెడ్‌లో వరసగా ఆకాశాలే వేశాడు, చిన్న కాగితాల మీద ఆయిల్ రంగులతో, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో కూడా రాసుకున్నాడు. పెద్ద బొమ్మలు స్టూడియోలో తీరిగ్గా వేసేవాడు. మీరూ పోస్టుకార్డంత కాగితం మీద ఆకాశం ఒక్కటే వేయండి. మైపాడులో సముద్రం తూర్పున కదా, సాయంత్రం ఎండ మీ వెనకనుంచి వచ్చి మబ్బుల మీద పడుతుంది, రంగులు అప్పుడు చూడాలి. మబ్బు మారిపోతే ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి మొదలుపెట్టండి.