కాట్స్‌వోల్డ్స్‌లో రెండో ఇల్లు: ధర తగ్గిందని కొనొచ్చా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం. పిల్లలకు 11, 8 ఏళ్లు. ఉన్న ఇంటి మీద మార్ట్‌గేజ్ ఇంకా తీరలేదు. పోయిన వేసవిలో మా అత్తామామల్ని కాట్స్‌వోల్డ్స్ అనే అందమైన పల్లెప్రాంతం చూపించడానికి తీసుకెళ్లాం. అప్పటినుంచి అక్కడో కాటేజ్ కొనాలని మావారికి ఒకటే పట్టు. 4.5 లక్షల పౌండ్లలో ఒకటి చూశారు. ‘అడిగే ధర ఇప్పటికే రెండుసార్లు తగ్గించారు, ఆ ఏరియాలో ధరలు పడవు, వీకెండ్లు మనం ఉందాం, మిగతా రోజులు అద్దెకిస్తే ఈఎంఐ దానికదే వెళ్లిపోతుంది’ అంటున్నారు. మా సేవింగ్స్ 1.6 లక్షల పౌండ్లు. నాకు టెన్షన్‌గా ఉంది. కొనమంటారా?

జవాబు: మీవారి లెక్కలో ఎక్కడా కనిపించని అంకె ఒకటుంది. ముందు అది చెప్తాను: 35,000 పౌండ్లు. 4.5 లక్షల ఇంటికి మామూలుగా పడే స్టాంప్ డ్యూటీ 12,500. మీకు ఇప్పటికే ఇల్లుంది కాబట్టి మొత్తం ధర మీద ఇంకో 5 శాతం, అంటే 22,500 అదనంగా కట్టాలి. 2024 అక్టోబరు చివరిదాకా ఈ అదనం 3 శాతమే ఉండేది. రెండూ కలిపితే ఇంటి ధరలో 7.8 శాతం దాకా వస్తుంది. ఇల్లు అంతమేర పెరిగితే గానీ పెట్టిన డబ్బు మీకు తిరిగిరాదు. అమ్మేటప్పుడు ఏజెంటుకూ లాయరుకూ ఇచ్చేది వేరే.

25 శాతం డిపాజిట్ అనుకుంటే అదో 1,12,500. అదీ, పైన చెప్పిన 35,000 డ్యూటీ కూడా పోతే మీ 1.6 లక్షల్లో మిగిలేది 12,500. సర్వే, లాయరు ఫీజు, మంచాలు, పరుపులు, ఓ వాషింగ్ మెషీన్ కొనేసరికి అదీ అయిపోతుంది. రెండు జీతాల్లో ఒకటి ఆగిన నెల రెండు మార్ట్‌గేజ్‌లు ఎక్కణ్నుంచి కడతారు? మీ టెన్షన్ అనవసరమైనదేమీ కాదు.

ఇక ‘ఆ ఏరియాలో ధరలు పడవు’ అన్నది. ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. కాట్స్‌వోల్డ్స్ 1966 నుంచి రక్షిత ప్రాంతం. విస్తీర్ణం 2,000 చదరపు కిలోమీటర్ల పైమాటే అయినా, కొత్త ఇళ్లకు అనుమతి రావడం కష్టం. మీరు మనసు పారేసుకున్న ఆ తేనెరంగు రాతి ఇళ్లు ఎన్నున్నాయో అన్నే. మోర్టన్-ఇన్-మార్ష్‌లోనో కింగమ్‌లోనో రైలెక్కితే గంటన్నరలో లండన్ ప్యాడింగ్టన్. అందుకే కొనేవాళ్లు ఎక్కువ, అమ్మకానికి వచ్చేవి తక్కువ. అక్కడ ధర ఎందుకు ఎక్కువో చెప్పడానికి ఇది చాలు. ఇకముందు కూడా పెరుగుతుందని చెప్పడానికి చాలదు. ఆ కొరత విలువంతా అమ్మేవాళ్లు మీ దగ్గర వసూలు చేస్తున్న 4.5 లక్షల్లోనే ఉంది.

2020లో ఏం జరిగిందో గుర్తుందా? ఆ జూలైలో 5 లక్షల పౌండ్ల దాకా మామూలు స్టాంప్ డ్యూటీ ఎత్తేశారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 0.1 శాతం. అందరూ ఇంట్లోంచే పని. తోట ఉన్న ఇల్లు కావాలని నగరాల వాళ్లంతా ఒకేసారి పల్లెల మీద పడ్డారు. ధరలు ఎగబాకాయి. తర్వాత ఆ కారణాలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి పోయాయి. డ్యూటీ రాయితీ 2021లో ముగిసింది. 2022 సెప్టెంబరులో ప్రభుత్వం పెట్టిన మినీ-బడ్జెట్‌తో మార్ట్‌గేజ్ రేట్లు ఎగిరిపడ్డాయి. 2023 ఆగస్టుకి బ్యాంక్ రేటు 5.25 శాతం. 2024 ఆగస్టు నుంచి తగ్గించడం మొదలుపెట్టినా ఆ 0.1 రోజులు మళ్లీ రాలేదు. ఆఫీసులు రమ్మంటున్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 1990ల మొదట్లో బ్రిటన్‌లో ధరలు పడ్డప్పుడు గట్టిగా దెబ్బతిన్నది దక్షిణ ఇంగ్లండే. 2008లో మళ్లీ పడ్డాయి. ‘పడవు’ అనేవాళ్లు సాధారణంగా పడ్డప్పుడు అమ్మాల్సిన అవసరం రానివాళ్లు.

అడిగే ధర రెండుసార్లు తగ్గించారంటే, మొదట ఎక్కువ అడిగారని అర్థం. చవగ్గా వస్తోందని కాదు. అది తేల్చుకోవాలంటే పేపర్లో వచ్చే శాతాలు పనికిరావు. ఇళ్ల ధరల అధికారిక సూచీలో ‘కాట్స్‌వోల్డ్’ అంటే ఒక జిల్లా కౌన్సిల్ పరిధి మాత్రమే. బర్‌ఫర్డ్ వెస్ట్ ఆక్స్‌ఫర్డ్‌షైర్ కిందికి వస్తుంది, బ్రాడ్‌వే వూస్టర్‌షైర్‌లో ఉంది. కాట్స్‌వోల్డ్స్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ రెండు ఊళ్లూ అందులో లేనేలేవు. ఊరి స్థాయికి వస్తే సగటుకు అర్థమే ఉండదు. ఏడాదికి నాలుగిళ్లు అమ్ముడయ్యే ఊళ్లో ఒక పెద్ద మేనర్ హౌస్ (పాతకాలపు దొరల బంగళా) చేతులు మారితే సగటు ఆకాశానికి పోతుంది. మరుసటేడు ఒకదానికొకటి ఆనుకుని ఉండే చిన్న టెర్రస్ ఇళ్లే అమ్ముడైతే ధరలు కుప్పకూలాయంటారు. నిజానికి ఏ ఇంటి ధరా మారి ఉండకపోవచ్చు.

ల్యాండ్ రిజిస్ట్రీలో, అంటే ప్రభుత్వ ఆస్తుల రికార్డుల్లో, 1995 నుంచి జరిగిన అమ్మకాల ధరలు ఉచితంగా చూడొచ్చు. ఈ వీకెండ్ మీవారిని దాని ముందు కూర్చోబెట్టండి. ఆ వీధిలో, పక్క వీధుల్లో ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడైనవి వెతకమనండి. 2021-22లో కొని ఈమధ్య అమ్మినవాళ్లు ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్మారు? అలాంటివి నాలుగైదు దొరికినా చాలు. ఒక్కటే జాగ్రత్త, అమ్మకం రికార్డులోకి ఎక్కడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. రెండు అమ్మకాల మధ్యలో ఇల్లు పెంచి కట్టి ఉంటే ఆ ఇంటి లెక్క పక్కన పెట్టాలి.

అద్దెతో ఈఎంఐ వెళ్లిపోతుందన్న దగ్గరే నాకు అసలు పేచీ. 3,37,500 అప్పు, 5 శాతం వడ్డీ అనుకుందాం. 25 ఏళ్లకు నెలకు దాదాపు 1,970 కట్టాలి. వడ్డీ మాత్రమే కట్టే పద్ధతిలోనైనా ఏడాదికి 16,875. హాలిడే లెట్‌గా, అంటే సెలవులకు వచ్చేవాళ్లకు కొద్దిరోజుల అద్దెకిస్తూ, ఏడాదికి 20,000 వచ్చిందనుకోండి. క్లీనింగ్, ఏజెన్సీ కమిషన్, కరెంటు, ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపి 8,000 పోతే మిగిలేది 12,000. వడ్డీకే 4,875 చాలలేదు. ఇంత నష్టంలో కూడా పన్ను కట్టాలి! హాలిడే లెట్లకు ఉన్న ప్రత్యేక పన్ను సౌకర్యం 2025 ఏప్రిల్‌లో రద్దయింది. ఇప్పుడు వడ్డీని ఆదాయంలోంచి తీసేయనివ్వరు, 20 శాతం క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గింపు) మాత్రమే ఇస్తారు. 40 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు ఆ 12,000 మీద పన్ను 4,800, క్రెడిట్ 2,400. మిగతా 2,400 జేబులోంచి. మొత్తం ఏడాదికి 7,275 పౌండ్లు ఎదురు పెట్టుకోవాలి, అప్పులో అసలు ఒక్క పౌండు కూడా తీరకుండా.

ఆ 20,000 రావాలంటే వీకెండ్లూ స్కూలు సెలవులూ అతిథులకు ఇచ్చెయ్యాలి. మీ పిల్లలకు సెలవులు వచ్చేదీ అప్పుడే. మీకు మిగిలేది నవంబరు మంగళవారాలు. పోనీ అద్దెకివ్వం, మేమే వాడుకుంటాం అంటే, 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్ల మీద కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటిపన్ను) రెట్టింపు దాకా వేసే అధికారం కౌన్సిళ్లకు ఉంది. ఆ ఊరి కౌన్సిల్ వేస్తోందో లేదో ఒక్క ఫోన్ కాల్‌తో తెలుస్తుంది. ఇల్లు వేడిచేయడానికి గ్యాస్ లైను ఉందో, ఆయిల్ ట్యాంకో కూడా కనుక్కోండి. పల్లెల్లో చాలా ఇళ్లకు గ్యాస్ ఉండదు.

కాబట్టి నా జవాబు: ఇప్పుడు, ఈ పద్ధతిలో వద్దు. వారానికి 1,000 పౌండ్ల కాటేజ్ ఏడాదిలో ఆరు వారాలు అద్దెకు తీసుకున్నా 6,000 అవుతుంది. పైన చెప్పిన నష్టం కన్నా తక్కువే, పైగా మీకిష్టమైన వారాలు మీవి. ఒక చలికాలం వారం కూడా కలుపుకోండి. జూలైలో చూసిన ఊరు వేరు, జనవరిలో నాలుగింటికే చీకటి పడే ఊరు వేరు.

రీడింగ్ ఇల్లు అమ్మేసి అక్కడికే మారిపోవాలని ఎప్పటికైనా ఉందా? అప్పుడు కథ మారుతుంది. ఉన్న ఇంటి బదులు కొనే ఇంటికి ఆ 5 శాతం అదనం పడదు, మీరు నివసించే ఇల్లు కాబట్టి రేపు అమ్మినా లాభం మీద మామూలుగా పన్ను ఉండదు. రెండో ఇల్లయితే 40 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు ఆ లాభం మీద 24 శాతం. అక్కడి నుంచి రీడింగ్‌కి నేరుగా రైళ్లున్నాయి, వారానికి రెండుమూడు రోజుల ఆఫీసయితే కుదరకపోదు. అసలు చిక్కు పెద్దవాడి సెకండరీ స్కూలు. ఇది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఇంతా చెప్పాక కూడా మీవారు ఆ ఇల్లే అంటే, ఆఫర్ పెట్టేముందు అది లిస్టెడ్ బిల్డింగా (వారసత్వ కట్టడంగా చట్టం రక్షించే ఇల్లా) కాదా చూడండి. అయితే గనక, పాత యజమానులు కిటికీలు మార్చినా గోడ తీసినా కౌన్సిల్ అనుమతి పత్రం ఉందేమో లాయరును ప్రత్యేకంగా అడగమనండి. అనుమతి లేకుండా చేసిన మార్పును సరిచేయమని కౌన్సిల్ ఎన్నేళ్ల తర్వాతైనా నోటీసు ఇవ్వొచ్చు, అది అప్పటి యజమాని పేరు మీదే వస్తుంది.