మీరడిగారు, నేను చెప్తున్నా

ప్ర: ఆఫీసు నుంచొచ్చాక రాత్రిపూట కథలు రాసుకుంటా. గది తలుపు వేస్తే మా ఆవిడ అలుగుతుంది, "పక్కన ఊరికే కూర్చుంటాను, మాట్లాడను కదా, నీకేంటి నష్టం" అంటుంది. తలుపు తీసిపెడితే ఒక్క లైను కదలదు. నాది స్వార్థమా?

జ: స్వార్థమే అనుకోండి, కానీ మీకంటే ముందే కాఫ్కా అనే జర్మన్ భాషా రచయిత కూడా ఇదే ఇరకాటంలో పడ్డాడు. ఆయనది ప్రమాద బీమా ఆఫీసులో ఉద్యోగం, మధ్యాహ్నం 2కి వదిలేసేవాళ్లు, ఇంటికొచ్చి పడుకుని, ఇల్లు సద్దుమణిగాక రాయడానికి కూర్చునేవాడు. 1912 సెప్టెంబరు 22 రాత్రి మొదలెట్టి తెల్లారేసరికి ఒక కథ మొత్తం రాసేసి, కాళ్లు బిగుసుకుపోయాయని డైరీలో రాసుకున్నాడు. ఆ కథ ఫెలీస్ అనే అమ్మాయికి అంకితం. ఆ అమ్మాయే మీ ఆవిడలాగే నువ్వు రాస్తుంటే పక్కన కూర్చోవాలనుంది అని రాసింది, దానికి 1913 జనవరిలో ఈయనిచ్చిన జవాబు, రాసేవాడికి ఎంత ఏకాంతమైనా చాలదు, రాత్రి కూడా చాలదు అని. బాగానే ఉంది, కానీ ఆయన ఉత్తరాలు ఆవిడ దాచింది, ఆవిడ ఉత్తరాలు మాత్రం మిగల్లేదు, కాబట్టి ఆ మాటకి ఆవిడెంత నొచ్చుకుందో మనకి తెలీదు. ఇద్దరికీ 1914లో ఒకసారి, 1917లో ఒకసారి నిశ్చితార్థం అయింది, రెండూ రద్దయ్యాయి (రెండోసారి ఆయనకి క్షయ కూడా బయటపడింది లెండి, అంతా రాత మీదే తోసేయలేం).

మీ ఆవిడకి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలీకపోవడమే కష్టంగా ఉండుంటుంది. టైము చెప్పండి, ఆ టైముకి వాక్యం సగంలో ఉన్నా లేచి రండి. ఇంకో మాట, ఆవిడకంటూ ఒక గంట ఉందా? స్త్రీ రాయాలంటే సొంత గది, ఏడాదికి 500 పౌండ్లు కావాలని ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లోనే లెక్క కట్టి మరీ చెప్పింది. మీ ఆవిడ కథలు రాయకపోవచ్చు, ఊరికే పడుకుంటుందేమో, పాటలు వింటుందేమో, అది మనకెందుకు, ఆ గంట ఫోన్లూ పిల్లలూ మీరు చూసుకోండి, తర్వాత అలక సంగతి నాకు రాయండి.

ప్ర: టేబుల్ దగ్గర రాని ఐడియాలు స్నానం చేస్తుంటే వస్తాయెందుకు?

జ: 1926లో గ్రాహం వాలస్ అనే ఆయన సృజనకి 4 దశలన్నాడు, తయారీ, నానబెట్టడం, తట్టడం, సరిచూసుకోవడం. మీకు మూడోది బాత్రూంలో జరుగుతోంది, అంతే. మొదటిది చేయకుండా రోజుకి నాలుగు సార్లు స్నానం చేసినా నీళ్లు దండగ.

ప్ర: ఫ్రెండ్ తన విడాకుల గొడవ నాతో చెప్పుకుని ఏడ్చింది. పేర్లు మార్చి కథ రాశా, చదివి మాట్లాడటం మానేసింది. రాసే స్వేచ్ఛ నాకు లేదా?

జ: ఉంది, ఎవరూ కాదనలేరు. కాకపోతే ఆ అమ్మాయి చెప్పింది ఫ్రెండుకి, వింటున్నది రచయిత అని ఆ పూట తనకి తెలీదు. పేరు మారిస్తే ఏమొస్తుందండీ, ఏడ్చేటప్పుడు తను అన్న మాట అచ్చంగా దించేసుంటారు, నొప్పి అక్కడ. అచ్చుకి ముందే చూపించి ఉంటే తిట్టేదేమో, ఇప్పుడు ఆ తిట్టు కూడా లేదు కదా. "కథ గురించి కాదు, నీ గురించి ఫోన్ చేశా" అని ఒకసారి చేసి చూడండి. ఎత్తకపోతే వారానికోసారి విసిగించొద్దు.

ప్ర: స్నేహితుడు కవితలు పంపి "ఎలా ఉంది" అంటాడు. బాగోలేదంటే స్నేహం పోతుందని భయం.

జ: మెచ్చుకోవాలా, తప్పులు చెప్పాలా అని ముందే అడగండి. చాలామంది మొదటిదే అంటారు, అప్పుడు మీకూ పని తక్కువ. రెండోది అంటే మాత్రం ఒక్క లైను పట్టుకుని చెప్పండి, కవిత మొత్తాన్ని ఉతికేయకండి. నాకు మాత్రం ఫార్వర్డ్ చేయకండి బాబూ.