సమాధానం: పద్నాలుగేళ్ల అబ్బాయి బడి ఎగ్గొట్టి డబ్బు తీస్తున్నాడు, తిట్టినా కొట్టినా మారడం లేదు

మీ అబ్బాయిని స్నేహితులే చెడగొట్టారని మీ ఉత్తరంలో అంటున్నారు. కానీ మీరు రాసిన వరుస చూడండి: ముందు లెక్కల్లో తప్పాడు, తర్వాత బడి మానాడు, ఆ గుంపు ఆ తర్వాతే వచ్చింది. క్లాసులో పరువు పోయిన పిల్లాడు, తనకు విలువిచ్చే చోటు వెతుక్కుంటాడు.

1. కొట్టడం ఈరోజే ఆపండి. దెబ్బలతో నేర్చుకునేది దొరక్కుండా చేయడమే.

2. క్లాస్ టీచర్‌ని కలిసి ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో కనుక్కోండి. చదవడంలో ఇబ్బందో, ఏకాగ్రత సమస్యో ఉందేమో పరీక్ష చేయించండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: వాడంతట వాడే చెప్పేలా చేయడం. దానికి బదులు ఫోన్ చెక్ చేస్తారు, వెనకాల మనిషిని పెడతారు. స్వీడన్‌లో పద్నాలుగేళ్ల పిల్లలపై చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులకు తెలిసిన విషయాల్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పినవేనని తేలింది. కాబట్టి చెప్పేలా చేయాలి. "సినిమాకెళ్లా, డబ్బు నేనే తీశా" అన్నాడనుకోండి, ఆ పూట తిట్టొద్దు. "సరే, ఎంత తీశావ్?" అని ఊరుకోండి. మర్నాడు కూర్చుని, ఆ డబ్బు ఎలా తీరుస్తాడో వాడి చేతే చెప్పించండి. తీర్చాల్సిందే, కానీ నిజం చెప్పినందుకు శిక్ష ఉండకూడదు. (మొదటిసారి పళ్లు బిగబట్టుకోవాల్సి వస్తుంది!)

4. జైలు చూపించి భయపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే, అది వద్దే వద్దు. అమెరికాలో అలాంటి కార్యక్రమాలను పరిశీలిస్తే, పిల్లల్లో నేరాలు తగ్గకపోగా పెరిగాయి.

మత్తు అలవాటో, కత్తిలాంటిదో కనిపిస్తే ఇవేవీ చాలవు. వెంటనే పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి.