బండి ముచ్చట్లు: ఎర్త్ గుంత ఎండిందేమో చూశారా?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. బంగారం అంగడి. ఉగాదికి ముందు బెంగళూరులో 2016 మోడల్ బీఎండబ్ల్యూ ఐ8 (పెట్రోలుతోనూ, ప్లగ్ పెట్టి చార్జి చేసే బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ స్పోర్ట్స్ కారు) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఏప్రిల్ ఆఖరు నుంచి రాత్రి చార్జింగ్ పెడితే కేబుల్ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది. ఒక వర్క్‌షాపులో అడిగితే పెద్ద బ్యాటరీ పోయింది, లక్షల్లో అవుతుందన్నారు. వద్దన్నా కొన్నానని నాన్న మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యి. మీటర్ బోర్డు నుంచి ఎర్త్ తీగ ఎక్కడికి పోయిందో చూసుకుంటూ వెళ్లు. ఇంటి వెనక ఎక్కడో సిమెంటు మూత వేసిన చిన్న గుంత ఉంటుంది. మట్టి పొడిబారి ఉంటే రెండు బిందెల నీళ్లలో ఇంత రాళ్లుప్పు కలిపి పొయ్యి. సాయంత్రం మళ్లీ చార్జింగ్ పెట్టు.

నవ్వకు. నా దగ్గరున్నదీ ఐ8నే. అనంతపురంలో దానికి మొదటి ఎండాకాలం ఇదే గొడవ. లారీ మీద ఎక్కించి 200 కిలోమీటర్లు దాటి బెంగళూరు పంపాను. అక్కడ ప్లగ్ పెట్టగానే నిక్షేపంగా చార్జి ఎక్కింది. ఇంటికి తెస్తే మళ్లీ ఎర్ర లైటు. ఆ ఆదివారం గుత్తిలో ఉగ్గాణి, బజ్జీ తింటూ మావాళ్ల దగ్గర ఏడ్చాను. తెల్లారుజామునే బండ్లు తీసే ఎనిమిది మందిమి ఉన్నాం; తలా ఒక రోగం పేరు చెప్పారు. మాతో బుల్లెట్ మీద వచ్చేవాడు ఒకడున్నాడు, బోరు మోటార్లకు వైండింగ్ కడతాడు. బజ్జీ నములుతూనే అడిగాడు, “ఎర్త్ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది?” ఇల్లు కట్టాక ఒక్కసారీ పోయలేదు!

సంగతేమిటంటే, ఆ కేబుల్ పెట్టె కరెంటు వదిలేముందు ఎర్త్ సరిగా ఉందో లేదో పరీక్షిస్తుంది. మన నేలలో రాయి ఎక్కువ, తేమ తక్కువ. రోళ్లు పగిలే ఎండలకు గుంత ఎండితే ఎర్త్ పనిచేయదు, పెట్టె మొండికేస్తుంది. ఫ్రిజ్జూ టీవీ ఇవేవీ పట్టించుకోవు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. నీళ్లు తాత్కాలికమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్టర్‌తో కొలిపించి, అవసరమైతే కొత్త గుంత తవ్వించు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. సాకెట్లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేస్తే లైటు పోతుందని ఎవడైనా అంటే వాణ్ణి గేటు దాటించు. న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీకే కరెంటు వస్తుంది.

ఎర్త్ బాగున్న వేరే ఇంట్లో పెట్టినా చార్జి ఎక్కకపోతే అప్పుడు బ్యాటరీ మాట. అప్పుడు కూడా నోటిమాట వద్దు, ఏ సెల్ ఎంత వోల్టేజీ చూపిస్తోందో ప్రింటు ఇమ్మను. మధ్యాహ్నం ఎండలో తిప్పి తెచ్చిన కారుకు వెంటనే ప్లగ్ పెట్టొద్దు, రాత్రి పొద్దుపోయాక పెట్టు. నీ మోడల్ బ్యాటరీ 7.1 కిలోవాట్ అవరే, తెల్లారేలోపు ఎప్పుడో నిండిపోతుంది. అన్నట్టు, కర్ణాటక నంబరుతో 12 నెలలు దాటి ఇక్కడ ఉంచుకోకూడదు. ఎన్‌ఓసీ తెప్పించి ఆంధ్రా నంబరు చేయించు.

ప్రశ్న: నేను కర్నూలులో డాక్టరును. నా హైబ్రిడ్ స్పోర్ట్స్ కారు నెలకు రెండుసార్లే తీస్తాను. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఒక్కోసారి తలుపు కూడా తెరుచుకోదు. ఎందుకు?

జవాబు: డాక్టరమ్మా, పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్‌లను నడిపేది వేరే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. తాళాలు, కంప్యూటర్లు దాని మీదే. బండి కదలకపోయినా అవి కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. షెడ్‌లో చిన్న మెయింటెనెన్స్ చార్జర్ తగిలించి ఉంచండి.

దానికన్నా నాకు మీ బ్రేకుల టెన్షన్. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసి కరెంటుగా మారుస్తుంది. బ్రేకు డిస్కులకు పనిలేక తుప్పు పడుతుంది. వారానికి ఒకసారి ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు వేయండి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు మురగబెట్టకండి. అందులో కలిసే ఇథనాల్ తేమను పీలుస్తుంది. పెద్ద బ్యాటరీ కరెంటు మోసే నారింజ రంగు తీగల జోలికి మామూలు మెకానిక్‌ను పోనివ్వకండి.

ప్రశ్న: సార్, కడపలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఐ8లో ఉన్నది మూడు సిలిండర్ల 1.5 లీటర్ ఇంజనే కదా, అదేం స్పోర్ట్స్ కారు అంటున్నారు మా ఫ్రెండ్స్.

జవాబు: మా గుంపులో వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను) కారున్నాయనా ప్రతి ఆదివారం ఇదే అంటాడు. వెనక ఆ చిన్న ఇంజను టర్బోతో 231 హార్స్‌పవర్, ముందు చక్రాలకు మోటారు 131. సున్నా నుంచి 100కు 4.4 సెకన్లు. కార్బన్ ఫైబర్ గూడు వల్ల, అంత బ్యాటరీ మోస్తూ కూడా బరువు 1,500 కిలోలకు అటూఇటూ. ముందు టైరు మాత్రం 195 మిల్లీమీటర్ల వెడల్పే, అది చూసి ఎవరైనా నవ్వితే నేను కాదనలేను. లోపల వినిపించే గర్జనలో కొంత స్పీకర్లదని కూడా ఒప్పుకోవాలి. ఇది మా వీ8 ఆయనకు ఇంకా తెలియదు, నువ్వు చెప్పకు. ఆయన నవ్వేదల్లా పెట్రోలు బంకులోనే. నేను బటన్ నొక్కి, ట్యాంకులో ఒత్తిడి దిగి మూత తెరుచుకునేదాకా నిలబడాలి. ఈలోగా బంకు కుర్రాళ్లు పైకి లేచిన తలుపుల కింద దూరి ఫోటోలు దిగుతుంటారు.